పిక్క ఆరవలెను

పలాస, కాశీబుగ్గ జంట పట్టణములలో జీడిపప్పు కర్మాగారములున్న వీధుల వెంట నడచువానికి మొదట తగులునది పప్పు కమ్మదనము కాదు, పెంకు కాలిన ఘాటు. శ్రీకాకుళము జిల్లా తీరమునందలి ఉద్దానపు ఇసుక తోటలలో పండిన జీడిపిక్కలును, అవి చాలక ఆఫ్రికా ఖండమునుండి ఓడలపై దిగుమతియైన పిక్కలును, గోనె బస్తాలలో ఇచ్చటికి చేరి, ఆవిరిలో ఉడికి, నేలపై ఆరి, కత్తి కింద పగిలి, వేడిగదిలో ఎండి, ఎర్రని పొట్టు విడిచి, తెల్లని గుండ్లుగా డబ్బాలకెక్కి దేశమంతటను వ్యాపించుచున్నవి. ఇన్ని క్రియలలోను చూపరి కంటికి క్రియవలె కానరానిది ఆరుట యొక్కటియే. ఉడికిన పిక్కను వెంటనే కత్తికి అందింపరాదు. ఒక రాత్రి, గాలిలో చెమ్మ హెచ్చుగా నున్నచో ఒక పగలును ఒక రాత్రియు, దానిని నేలపై పరచి, తొందరింపక, చల్లారనీయవలెను. అట్లు ఊరకున్న వేళనే పెంకు బిరుసెక్కును. లోని పప్పు పెంకు గోడనుండి సన్నగా విడివడును. మరునాడు కత్తి దిగినప్పుడు పెంకు రెండు వ్రక్కలై పప్పు చెక్కుచెదరక వెలికి వచ్చును. ఆరని పిక్కను కొట్టినచో పెంకుతోబాటు పప్పును పగులును. గుండు బద్దయగును, బద్ద ముక్కయగును.

అంగడిలో గుండునకొక వెల, బద్దకొక వెల, ముక్కకొక వెల. గుండ్లలోను మరల తరతమ భేదములు గలవు. పౌను తూకమునకు 180కి మించని పెద్ద గుండ్లు మేలు తరగతి. 320కి లోబడినవి సర్వసాధారణముగా అమ్ముడగు తరగతి. కావున ఈ పరిశ్రమలో లాభనష్టములను తేల్చు లెక్క ఎన్ని బస్తాలు కొట్టిరన్నది కానేరదు; కొట్టిన దానిలో గుండుగా నిలిచినదెంత యన్నదే ఆ లెక్క. ఈ సంగతి యజమానికి తెలియును, మేస్త్రికి తెలియును, జీడి పాలు సోకి వ్రేళ్లు నల్లబడిన ఆడువారికి అందరికంటె బాగుగా తెలియును. తెలిసియు ఏమి జరుగుచుండును? దసరా దీపావళులకు ముందు ఆర్డర్లు మీదబడిన ఒక ఉదయమున మేస్త్రి గడియారము చూచుకొని, నిన్నటి రాశి ఇంకను గోరువెచ్చగా నుండగనే కత్తుల యొద్దకు మోయించును. మొదటి చేరెడు పిక్కలను చేతబట్టిన పెద్దావిడ, "పిక్కింకా సల్లారనేదు బాబూ, ముక్కలైపోతాది" అనును. "నీకెందుకప్పా ఆ గొడవ, కొట్టు" అని ఆయన ముందుకు సాగిపోవును. సాయంకాలమునకు బస్తాల అంకె నిన్నటికంటె హెచ్చియే యుండును. ఆయన తృప్తితో ఇల్లు చేరును. మరి రెండు దినములకు గ్రేడింగు బల్లపై ముక్కల కుప్ప పెరిగినప్పుడు మాత్రము, ఆ లోటు ఆడువారి చేతులపై పడునే గాని, గడియారము చూచిన కన్నులపై పడదు.

నాయకత్వమును గూర్చి వ్రాయబూని జీడిపిక్కలను గూర్చి యింత చెప్పనేల యని పాఠకులు కసరుకొనవచ్చును. నేను చెప్పదలచినదెల్ల ఆ గోరువెచ్చని రాశియందే యున్నది. పదుగురిచేత పనిచేయించువాని సామర్థ్యమును మనము చిరకాలముగా వాని తరుముడును బట్టి కొలుచుచు వచ్చితిమి. ఎవడు ఎక్కువ కేకవేయునో, ఎవడు రాత్రి పదకొండు గంటలకు సెల్‌ఫోనున సందేశము పంపి తెల్లవారులోపల జవాబు రాబట్టునో, వాడు గట్టివాడు. విశాఖపట్టణమునను, హైదరాబాదునను, బెంగుళూరునను కంప్యూటరు కొలువులలోనున్న ఉద్దానపు బిడ్డలు పండుగలకు ఇంటికి వచ్చినప్పుడు చెప్పుకొను కథలును, కాశీబుగ్గ మేస్త్రి కథయు పైపూత వేరేగాని సారము ఒక్కటియే. జట్టును తరుముట అందరికిని వచ్చును. ఎక్కడ ఆపవలెనో, ఎంతసేపు ఆపవలెనో ఎరుగుట కష్టసాధ్యమైన విద్య. ఆ విద్య గుణముగా పుట్టునది కాదు, అలవాటుగా పట్టుబడునది. అలవాటని ఏల యనుచున్నాననగా, మనుష్యుడు అలసినవేళ, కోపము వచ్చినవేళ, పైవాని ఒత్తిడి తలపైనున్న వేళ, సద్గుణములు పలాయనము చిత్తగించును. అలవాటు మాత్రము చేతిలో మిగులును. రైల్వే స్టేషను పుస్తకాల కొట్లలో దొరకు విజయసూత్రాల గ్రంథములయందు నాకు గురి లేకపోవుటకు కారణము కూడ ఇదియే: అవి గుణములను జాబితాగా చెప్పునుగాని, మంగళవారము ఉదయము తొమ్మిది గంటలకు మేస్త్రి యేమి చేయవలెనో చెప్పవు.

మంగళవారము తొమ్మిది గంటలకు ఆయన చేయదగినది అతిస్వల్పము. రాశి యొద్దకు పోయి, పిక్కను తాకి, "ఏమప్పా, ఆరిందా?" అని అడుగుట; అడిగి, వచ్చిన జవాబును బట్టి నడచుకొనుట. ఈ రెండవ సగమే ముఖ్యము. అడిగి వినని నాయకునికంటె అడగని నాయకుడు మేలు. ఏలయన వాని యెడ జనమునకు ఆశాభంగము కలుగదు. ఒకసారి "నీకెందుకు" అనిపించుకొన్న పెద్దావిడ రెండవసారి నోరు మెదపదు, మూడవసారికి పిక్కను తాకి చూచుటయే మానివేయును. అంతటితో ఆ కర్మాగారము తన యొద్దనున్న పరికరములలోకెల్ల సూక్ష్మమైనదానిని, ముప్పది యేండ్ల అనుభవముగల ఒక అరచేతిని, పోగొట్టుకొన్నదన్నమాట. అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అను పరిశోధకురాలు 1990 దశకమున ఆసుపత్రి వార్డులలో మందులు పొరపాటుగా ఇయ్యబడిన సందర్భములను పరిశీలించినది. మంచి నాయకత్వముగల నర్సుల జట్లలో పొరపాట్లు తక్కువగా నుండునని ఆమె ఊహ. లెక్క తీయగా ఆ జట్లలోనే హెచ్చుగా కనబడినవి! తరచి చూడగా రహస్యము బయల్పడినది: మంచి జట్లు ఎక్కువ పొరపాట్లు చేయుటలేదు, చేసిన పొరపాట్లను దాచక చెప్పుకొనుచున్నవి. గద్దింపులకు అలవడిన వార్డులలో అవి కాగితమునకు ఎక్కకయే పోవుచున్నవి. మేస్త్రి చెవికి చెడ్డవార్త ఎంత త్వరగా చేరునో, ఆ కర్మాగారపు ఆరోగ్యము అంత మేలుగా నున్నదని దీనివలన గ్రహింపవచ్చును. "మా యూనిట్టులో ఏ సమస్యయు లేదు" అని గర్వముగా చెప్పు అధికారిని చూచినప్పుడెల్ల నాకు ఆయన సిబ్బందిపై జాలి కలుగుచుండును.

ఇక వేగమును గూర్చి. మన ప్రాంతపు చరిత్రలోనే దీనికి సాటిలేని నిదర్శనమొకటి కలదు; దానిని మనము రాజకీయ చరిత్రగా చదివి ప్రక్కనబెట్టితిమేగాని, సమష్టికార్య నిర్వహణకు పాఠముగా చదువలేదు. 1938లో ముగిసిన ఆంధ్ర రైతుల పాదయాత్ర అది. అప్పటి రైతు సంఘముల ఆధ్వర్యమున రెండువేలమందికి పైగా రైతులు ఉత్తరాన ఇచ్ఛాపురమునుండి బయలుదేరి, తొమ్మిది జిల్లాలు దాటి, 130 దినములు నడచి, 1,500 మైళ్లకు మించిన దారిని కాలినడకన గడచిరి. త్రోవ పొడవున వందలకొలది సభలు జరిపి, లక్షలాది జనముతో మాటలాడి, 1,100కు పైబడిన విన్నపములను సేకరించి, ఆ యేడు మార్చి 27వ తేదీన చెన్నపట్టణమున శాసనసభకు సమర్పించిరి. ఇచ్ఛాపురము విడిచి దక్షిణమునకు మరలినవానికి ఎదుటనుండునది మన ఉద్దానమే గనుక, ఆ పెద్దనడక తొలి అడుగుల ధూళి మన తోటలపై పడినదేయని చెప్పుకొనవచ్చును.

ఈ అంకెలను ఒక్కసారి కాగితముపై పెట్టి భాగింపుడు. 1,500 మైళ్లను 130 దినములతో భాగించినచో దినమునకు పదునొకండున్నర మైళ్లు వచ్చును. పల్లెటూరి రైతు కాలికి పదునొకండున్నర మైళ్లొక లెక్కయా? సంతకు పోయి వచ్చుటకే ఆ రోజులలో అంత నడచెడివారు. వారిలో దృఢకాయుడు పూనుకొన్నచో దినమునకు ముప్పది మైళ్లు పోగలడు. ఆ లెక్కన ఏబది దినములలో చెన్నపట్టణము చేరగలడు. చేరియుండిన యెడల ఆ దృఢకాయుడును, మరి పదిమంది యువకులును చేరియుందురు. తక్కినవారు గోదావరి గట్టుననే కాళ్లు బొబ్బలెక్కి కూలబడియుందురు. విన్నపములు సంచిలో పదియైనను ఉండియుండవు. నూట ముప్పది దినములపాటు జనసమూహమును చెదరనీయని వేగము ఏదియో అదియే ఆ నాయకులు ఎన్నుకొన్న వేగము. మరియొక విశేషము: ఆ యాత్రయందు ఆగుట నడకకు అంతరాయము కాదు. సభ జరిగినది ఆగినప్పుడే, విన్నపము వ్రాసినది ఆగినప్పుడే, కొత్తవారు వచ్చి చేరినది ఆగినప్పుడే. నేటి కార్యాలయములలో విరామమనగా పనికి పడిన గండి యని తలచు యజమానులు ఈ యాత్రా చరిత్రను తీరికగా చదువవలెను. ఆనాటి రైతు ఉద్యమమును నడపిన ఆచార్య ఎన్.జి. రంగాగారు గుంటూరు సీమలోని నిడుబ్రోలున రైతు కార్యకర్తలకు పాఠశాల నెలకొల్పినవారు. ఆయన అనుచరులలో ముఖ్యుడైన సర్దార్ గౌతు లచ్చన్నగారు మన బారువలో 1909లో జన్మించినవారు. ఉద్యమమును ఆవేశమునకు వదలక పాఠశాలతో తీర్చిదిద్దిన రంగాగారి ముందుచూపు వేరుగా వ్యాసము వ్రాయదగినది. ఇక్కడ ఇంతటితో విడుచుచున్నాను.

ఉద్దానమని వ్రాయగనే నేడు తెలుగునాట ఎల్లవారికిని స్ఫురించునది కొబ్బరి కాదు, జీడి కాదు, మూత్రపిండముల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మధుమేహముగాని రక్తపుపోటుగాని లేనివారికిని, పొలములోను తోటలోను కాయకష్టము చేయు నడివయస్సువారికిని ఈ వ్యాధి దశాబ్దములుగా సోకుచున్నది. దాని మూలకారణము ఇంకను నిర్ధారితము కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా మంచినీరు తెచ్చు పథకమును వచ్చినది. పరిశోధకులు అనుమానించు కారణములు అనేకములు. అందులో ఎండయందు దీర్ఘకాలము పనిచేయుచు చాలినంత నీరు త్రాగకపోవుట యొకటి. ఇదే అనుమానము భూగోళమునకు ఆవలి వైపున, మధ్య అమెరికాలోని చెరకు తోటలలో, మరింత బలముగా నున్నది. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలో చెరకు నరకు యువకులు మన ఉద్దానపు కూలీలవలెనే, ఏ పూర్వవ్యాధియు లేకయే, మూత్రపిండములు చెడి మరణించుచున్నారు.

ఎల్ సాల్వడారులో 2014–15 కోత కాలమున కొందరు వైద్య పరిశోధకులు ఒక చక్కెర మిల్లు చెరకు కూలీలతో ఒక ప్రయత్నము చేసిరి. ప్రయత్నమనుటకుకూడ జంకుగా నుండును, అంత సామాన్యమైనది: నీరు, విశ్రాంతి, నీడ. ప్రతి కూలీ వీపున నీటి సంచి, పొలమునకు పొలము మోసికొనిపోదగిన నీడపందిరి, నియమిత కాలములయందు తప్పనిసరిగా కూర్చుండు విరామములు. వీటికి తోడు తక్కువ శ్రమతో నరకదగిన మంచి కత్తి. కూర్చుండబెట్టినచో కోత తగ్గునని మేస్త్రీలు భయపడుట సహజము. కోత ముగియునప్పటికి తేలిన లెక్క యిది: మనిషి యొక్కనికి దినమునకు 5.1 టన్నులుగా నున్న కోత 7.3 టన్నులైనది. తలనొప్పి, కండరముల నొప్పి, డస్సిపోవుట వంటి బాధలు తగ్గినవి. కత్తి మారుటవలన కలిగిన లాభమెంత, నీడవలన కలిగినదెంత యని ఎవరైన వాదింపవచ్చును. ఆ వాదము న్యాయమైనదే. అయినను విరామము వలన పని తరుగునన్న భయము మాత్రము ఆ పొలమున నిలువలేదు.

ఇందు నేను గమనించిన సూక్ష్మమొకటి కలదు. నీరు అక్కడ మునుపును ఉండినది. త్రాగరాదని ఎవరును నిషేధింపలేదు. టన్నునకింత యని కూలి గిట్టువాడు త్రాగుటకు ఆగినచో తన కూలి తాను కోసికొనినట్లే గనుక తనంత తాను ఆగడు. కాశీబుగ్గ కర్మాగారములలో కిలోకింత యని పొట్టుతీయు ఆడువారి స్థితియు నిదియే. గుక్కెడు నీటికి లేచినచో ముద్దకు దూరము. "మా దగ్గర ఫిల్టరు నీరు పెట్టించితిమి, త్రాగనివారిది వారి తప్పు" అని చెప్పు యజమాని అబద్ధమాడుట లేదు, అర్ధసత్యము చెప్పుచున్నాడు. విరామము హక్కుగా గోడపై వ్రాసియున్నంత మాత్రమున ఎవడును తీసికొనడు. మేస్త్రి తానే గంట కొట్టి, తానే ముందుగా పని విడిచి, కుండ యొద్దకు పోయి, అందరి ఎదుట చెంబెడు నీరు త్రాగినచో తక్కినవారు లేతురు. సెలవులు పుష్కలముగా నిచ్చి, తాను ఏనాడును సెలవు పెట్టని ఆఫీసరు క్రింద ఎవరికి సెలవు పెట్ట మనసొప్పును? అధికారి నోటి మాటను సిబ్బంది వినకపోవచ్చునుగాని, అధికారి నడవడిని చదువనివారు లేరు.

తోటలు దాటి తూర్పునకు పోయినచో సముద్రము. మన తీరమున చాలినన్ని రేవులు లేక, శ్రీకాకుళము జిల్లా మత్స్యకారులు ఏటేట ఎంతో దూరమున గుజరాతులోని వేరావలు వంటి రేవులకు వలసపోయి, అచ్చటి మరపడవలపై నెలలతరబడి పనిచేయుచుందురు. ఆ పడవ నాయకునకు తండేలని పేరు. 2018 నవంబరులో మనవారు కొందరు సరిహద్దు దాటిరని పాకిస్థానీయులకు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన పిదపను, ఆ కథను ఆధారముగా గైకొని 2025లో వచ్చిన చలనచిత్రముతోను ఆ పదము తెలుగుదేశమంతటను ప్రాకినది. చిత్రమున కనబడునట్టి సాహసము అట్లుండనిండు. తండేలు పనిలో నన్ను ఆకర్షించు అంశము వేరొకటి. ఎంత దూరము పోవలెనన్నది చేప చెప్పును. ఎప్పుడు మరలవలెనన్నది తండేలే చెప్పవలెను. మంచుగడ్డ ఎంత మిగిలినది, త్రాగునీరెంత, తిరుగు ప్రయాణమునకు డీజిలెంత యని మూడు లెక్కలు ఆయన తలలో ఎడతెగక నడచుచుండును. ఎదుట చేపల మంద కనబడుచున్నను, తిరుగు దారికి వలసిన డీజిలుపై చేయి వేయని నిగ్రహమునకే జట్టువారు ఆయనను నమ్మి పడవ ఎక్కుదురు.

మన ఒడ్డుననే ఇసుకపై నిలిచి లాగు పెద్దవలను చూచినచో ఇదే పాఠము మరియొక రూపున కానవచ్చును. వలకు రెండు కొసలు. కొసకొక వరుసగా జనము. ఒక వరుసలో బలాఢ్యులుండి తొందరగా లాగినచో మేలు జరుగదు సరిగదా, వల ఒరిగి, నడుమ సంచి మెలిపడి, చేప ప్రక్కనుండి జారిపోవును. నడుమ నిలిచిన పెద్ద రెండు వరుసలనుజూచి, చేయియెత్తి, వేగముగా లాగువారిని నెమ్మదింపజేయును. రైలుదారిపై పనిచేయు గ్యాంగు మేటును చూచినప్పుడును నాకు ఆ పెద్దయే స్ఫురించుచుండును. హరిశ్చంద్రపురమునకును కోటబొమ్మాళికిని నడుమ గ్యాంగుమన్లు గునపములతో కంకర సర్దుచుండగా మేటు గునపము పట్టక నిలిచియుండును. తెలియనివాడు సోమరి యనుకొనును. ఆయన చూపు పట్టాల చివర నుండును. అట్లు ఒకడు చూచుచుండుటచేతనే తక్కినవారు తలవంచి నిశ్చింతగా పనిచేయగలుగుచున్నారు. మంచి పనివానిని మేస్త్రిని చేసినప్పుడు వాడు తన పాత గునపమును విడువలేక, తానే అందరి పనియు చేయబోయి, పట్టాల చివర చూచువాడెవ్వడును లేకుండజేయుట మన కార్యాలయములలో నిత్యము జరుగు విపత్తు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటినది. గంటకు నూట నలుబది, నూట ఏబది కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానపు కొబ్బరిచెట్లు వరుసలు వరుసలుగా నేలకొరిగినవి, జీడిచెట్లు వేళ్లతో పెకలింపబడినవి. తాతలు నాటినవి, మనుమల పెండ్లిండ్లకు పెట్టుబడియైనవి. దేశవాళి కొబ్బరి నాటిన పిమ్మట కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. ముసలి చెట్లు నిలిచియుండగనే వాని నడుమ పిల్లమొక్కలను నాటుకొనిన తోట తుపాను పిదప కొంత ముందుగా తేరుకొనును. నీడ చెడునని, కాపు తగ్గునని పిల్లమొక్కకు చోటియ్యని తోట తుపానుతో ఖాళీ భూమి యగును. అట్లే, ముప్పది యేండ్లు ఒక్క చేతిమీద నడచి, ఆ చేయి పడిపోగానే మూతబడిన సంస్థలను నేనెన్నింటినో చూచితిని. వారసుని తయారుచేయుట మరణశాసనము వ్రాయుటవంటిదని తలచి దానిని వాయిదా వేయు పెద్దలు మనలో మెండు. నెలకొక దినము తన కుర్చీలో మరియొకరిని కూర్చుండబెట్టి తాను పొరుగూరికి పోవు అలవాటు ఆ భయమును మెల్లగా పోగొట్టగలదు. వెళ్లిన చోటినుండి ఫోను చేయకుండుటయే అందులోని తపస్సు.

మరియొక మాట జ్ఞప్తికి వచ్చినది. ఈ గ్రాంథికచ్ఛాయల వాక్యములు వ్రాయుచున్న నాకు ఈ గడ్డపై గిడుగు రామమూర్తిగారిని తలచుకొనిన భయము కలుగుచుండును. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, వాడుకభాష కొరకు జీవితమును ధారవోసిన మహానుభావుడాయన. అంతకు మించి, కొండలలోని సవరలకు చదువు చెప్పదలచి, ముందుగా తాను వారి భాష నేర్చుకొని, దానికి వ్యాకరణమును నిఘంటువును నిర్మించెను. చెప్పదలచినవాడు ముందు నేర్చుకొనవలెనను ఈ క్రమము నేటి యజమానులకు తలక్రిందుగా కనబడును. భద్రతా సూచనలను ఇంగ్లీషున అచ్చొత్తించి, తెలుగుకూడ తడబడి చదువు ఆడువారి ఎదుట గోడకంటించి, క్రింద వారి వ్రేలిముద్రలు తీసికొని, "అందరికిని తెలియజేసితిమి" అని దస్త్రమున వ్రాసికొను కర్మాగారములు కలవు. ఆవిరి బాయిలరు ప్రక్కన వ్రేలాడు ఆ కాగితమును చూచినప్పుడు నాకు నవ్వు రాలేదు.

హరిశ్చంద్రపురము స్టేషనులో ప్యాసింజరు బండి ఆగునప్పుడెల్ల ఆ పేరు నన్ను కొంచెముసేపు పట్టి నిలుపును. ఆ రాజు ఆడిన మాటకై రాజ్యమిచ్చెను, ఆలుబిడ్డలనిచ్చెను, కాటికాపరి యయ్యెను. అంత త్యాగము ఏ మేస్త్రినిగూడ ఎవరును కోరరు. జట్టు కోరునవి అల్పములు. శనివారము కూలి శనివారమే చేతబడుట. "చూస్తాను" అన్న సంగతిని నిజముగా చూచుట. కుదరనిచో కుదరదని వచ్చి చెప్పుట. పెద్ద మోసములకంటె ఈ చిన్న మరపులే జట్టు మనస్సును తొలిచివేయుచుండును. మరపు దురుద్దేశముతో జరుగునది కాదు గనుక దానికి మందు సదుద్దేశము కాదు, వ్రాతపుస్తకము.

అట్టి పుస్తకమొకటి నేను చూచితిని. కాశీబుగ్గలో ఒక చిన్న కర్మాగారపు మేస్త్రి దినచర్య చిట్టా అది. నడివయస్కుడు, పెద్దగా చదువుకొన్నవాడు కాడు. ఎడమ పుటలో ఉడికించిన బస్తాలు, ఆరబెట్టిన వేళ, కొట్టుట మొదలిడిన వేళ, గుండు ఇంత, బద్ద ఇంత, ముక్క ఇంత. కుడి పుటలో ఆ దినమున తాను ఎవరికేమి మాట ఇచ్చినదియు, నెరవేరగానే అడ్డముగా కొట్టివేసిన గీతయు. ఒకరి కుమార్తె కాలేజీ ఫీజునకు ముందస్తు కూలి, కొట్టివేయబడినది. మొండిబారిన రెండు కత్తుల మార్పు, కొట్టివేయబడినది. డయాలసిస్సుకు భర్తను తీసికొనిపోవు ఒకామెకు వారమున రెండు దినములు మధ్యాహ్నము నుండి పని, దానికి గీత లేదు, "జరుగుతోంది" అని పెన్సిలుతో వ్రాసియున్నది. పై వరుసలో, నెల దాటిన తేదీతో, కొట్టివేయనిది మరియొకటి కనబడినది: పొట్టుతీత గదిలో దక్షిణపు మూలకు పంకా. నేను దానిని చదువుచుండుట గమనించి ఆయన కొంచెము సిగ్గుపడి, "మోటారు పలాసలో దొరకలేదండి, విశాఖకు కబురు పెట్టినాను" అని, పుస్తకమును నా చేతినుండి తీసికొని, రాశి ఆరినదో లేదో చూచుటకు లేచిపోయెను.